మసకబారిన కారుకి మెషిన్ పాలిష్ మనమే చేసుకోవచ్చా?

తొమ్మిదేళ్ల నల్ల కారు, బానెట్టూ రూఫూ పాలిపోయాయి, ఎండలో చూస్తే సాలెగూడులా గీతలు, మెషిన్ కొని నేనే చేస్తే ఉన్న పెయింట్ కూడా పోతుందేమోనని టెన్షన్ అని రాశారు. చేసుకోవచ్చండీ. నా ముదురు నీలం కారుకి నేనే చేసుకున్నాను. పెయింట్ పోగొట్టుకున్న మాట కూడా నిజమే, గోరంత. అదెలా పోయిందో ముందు చెబుతాను.

మొదటిసారి తెలిసినవాళ్ల దగ్గర రోటరీ మెషిన్ (ప్యాడ్ ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగేది) అడిగి తెచ్చాను. ఊలు ప్యాడ్, గరుకు కాంపౌండ్, అంటే పెయింట్‌ని అరగదీసే పేస్టు. పది నిమిషాల్లో బానెట్ మధ్యభాగం అద్దంలా వచ్చేసరికి చేతికి ధైర్యం వచ్చేసింది. మా బానెట్ మీద ఉబ్బెత్తుగా ఒక గీర ఉంటుంది. దాని మీదకి వెళ్లేటప్పుడు ప్యాడ్ కాస్త వాలింది. మూడు నాలుగు సెకన్లు, అంతే. కాలిన వాసన. తుడిచి చూస్తే నీలం మధ్యలో బూడిదరంగు చుక్క, అంటే కింద ఉన్న ప్రైమర్. టచప్ పెయింట్ అద్దాను గానీ, ఎక్కడుందో తెలిసిన నా కంటికి ఇప్పటికీ కనిపిస్తుంది.

ఎందుకంటే పాలిష్ అంటే అరగదీయడమే. రంగు పైన ఉండే క్లియర్ కోట్ మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది, తలవెంట్రుక కూడా చాలామందిది అంతకన్నా లావే. ఆ పొరలో పైపైన కొంచెం తీసి, గీతల అంచులు చదును చేస్తే వెలుతురు చెదరకుండా తిరిగొస్తుంది, దాన్నే మనం మెరుపు అంటున్నాం. అంచుల మీద, గీరల మీద పెయింట్ మామూలుగానే పలచగా ఉంటుంది, పైగా ప్యాడ్ ఒత్తిడంతా అక్కడే పడుతుంది. ఇప్పుడు నేను వాటి మీద మాస్కింగ్ టేప్ వేసేసి, చివర్లో టేప్ తీసి చేత్తో రుద్దుతాను. నల్ల ప్లాస్టిక్, రబ్బరు భాగాలకీ టేప్ వేయండి, కాంపౌండ్ అక్కడ తెల్లగా ఎండిపోతే పాత టూత్‌బ్రష్‌తో తోమినా ఓ పట్టాన వదలదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి డ్యూయల్ యాక్షన్ మెషినే నయం. ప్యాడ్ గుండ్రంగా తిరుగుతూనే అటూఇటూ ఊగుతుంది, ఎక్కువ నొక్కితే తిరగడం ఆగిపోతుంది, కాబట్టి వేడి అంత త్వరగా పుట్టదు. నిదానంగా పని చేస్తుంది, అదే మనకి రక్ష. ప్యాడ్ అతికించే బ్యాకింగ్ ప్లేట్ అంచున మార్కర్‌తో ఒక గీత గీయండి. నడుస్తుండగా ఆ గీత అలుక్కుపోయినట్టు కనిపిస్తే ప్యాడ్ తిరుగుతోందని లెక్క. స్పష్టంగా కనిపిస్తే మీరు నొక్కేస్తున్నారు, లేదా ప్యాడ్ వాలుగా పట్టుకున్నారు.

అన్నిటికన్నా ముందు రూఫ్ దగ్గరగా చూడండి. తెల్లటి మచ్చలు, అంచుల్లో పొట్టులా లేచిన పొర ఉంటే క్లియర్ కోట్ పోయినట్టే, పాలిష్‌తో లాభం లేదు, పెయింట్ వేయించాల్సిందే. గీత మీద గోరు అడ్డంగా లాగితే పట్టుకుంటోందా? ఆ గీత జోలికి పోకండి. ప్యాడ్‌కి కారు రంగు అంటుకుంటే వెంటనే ఆపండి. క్లియర్ కోట్ లేని పాత తరహా పెయింట్ అయితే అది మామూలే, మీ కారుకి క్లియర్ కోట్ ఉంటే మాత్రం రంగుదాకా వెళ్లిపోయారన్నమాట.

కారు శుభ్రంగా కడిగాక, చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పెయింట్ మీద రాసి చూడండి. ఇసక పోసినట్టు గరగరలాడితే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) రుద్దాలి, నీళ్లూ షాంపూ చల్లుతూ. క్లే కింద పడిందా, పారేయండి, మళ్లీ వాడితే కొత్త గీతలు మీరే గీసినట్టు.

నీడలో, పెయింట్ చల్లగా ఉన్నప్పుడు, బానెట్ మీద రెండడుగుల చదరం ఎంచుకోండి. మధ్యలో టేప్ వేసి ఒక సగమే చేయండి. మొదట మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నటి పాలిష్. శనగగింజంత చుక్కలు నాలుగు చాలు. తక్కువ స్పీడ్‌లో పులిమి, తరవాత స్పీడ్ పెంచి, సెకనుకి రెండు మూడు సెంటీమీటర్ల లెక్కన నింపాదిగా జరపండి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ప్రతి వరసా ముందు వరస మీద సగం పడేలా. నాలుగైదు సార్లయ్యాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి టేప్ తీయండి. ఒకవైపు గచ్చు, ఒకవైపు నీళ్లు అన్నట్టు తేడా కనిపిస్తే అదే జోడీతో కారంతా చేయండి. చాలకపోతే అప్పుడు కాంపౌండ్‌కి వెళ్లండి. మెత్తటిదానితో అయ్యే పనికి గరుకుది తీయడం దండగ.

ప్రతి చదరం అయ్యాక ప్యాడ్‌ని బ్రష్‌తో దులపండి. నేను మొదట్లో బద్ధకించాను, ప్యాడ్ పేరుకుపోయి పాలిష్ పొడిపొడిగా రాలింది, మెరుపు రాలేదు, తప్పు మెషిన్‌దనుకున్నాను.

ఇంకో మోసం ఉంది. కొన్ని పాలిష్‌లలోని నూనెలు గీతల్లో నిండి వాటిని దాచేస్తాయి. సాయంత్రం చూసి మురిసిపోయాను, రెండుసార్లు కడిగేసరికి సాలెగూడు మళ్లీ ప్రత్యక్షం. ఇప్పుడు నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టి చూస్తేగానీ అయిందనుకోను. అయ్యాక పెయింట్ మీద రక్షణ పొరగా వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ వేయండి. రోజూ పొడిగుడ్డతో దుమ్ము దులిపే అలవాటుంటే మానేయండి, ఆ గీతల్లో ఎక్కువ భాగం అక్కడివే.

టైమ్ సంగతి: నాకు బానెట్ ఒక్కటే రెండు గంటలు పట్టింది, కారంతా రెండు రోజులు. బంపర్లు మాత్రం చివరికి ఉంచండి. ప్లాస్టిక్ కాబట్టి వేడి బయటికి పోదు, ఎప్పుడో గీసుకుపోయి మళ్లీ పెయింట్ వేయించి ఉంటే పొర ఎంత మందమో తెలీదు. చేయి కుదిరాక, తక్కువ స్పీడ్‌లో, మధ్యమధ్యలో అరచెయ్యి ఆనించి వేడి చూసుకుంటూ చేయండి.