టెక్ సందేహాలు: టైమింగ్ బెల్టుతో పాటు ఏమేం మార్చాలి?

ప్రశ్న: 2015 డస్టర్ డీజిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మీటరు 72 వేలు చూపిస్తోంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రికార్డు లేదు. ఒక షెడ్డులో బెల్టు ఒక్కటి చాలన్నారు, ఇంకో చోట వాటర్ పంపుతో సహా అంతా మార్చాలంటున్నారు. తరచూ కొండకు వెళ్తుంటాం. ఎవరి మాట వినాలి? – ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండో షెడ్డు మాటే వినండి. రికార్డు లేదంటే బెల్టు మార్చలేదనే లెక్క. కంపెనీ పుస్తకంలో కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువూ ఉంటుంది, ఏది ముందొస్తే అదే. మీ బండికి ఏళ్ల గడువు ఎప్పుడో దాటింది. పైగా అలిపిరి టోల్‌గేటు దగ్గర ఏసీ వేసుకుని వరుసలో ఉన్నంతసేపూ మీటరు కదలదు గానీ, బెల్టు తిరుగుతూనే ఉంటుంది.

మీ 1.5 ఇంజిన్‌లో క్యామ్ షాఫ్టు (వాల్వులను తెరిచే ఇరుసు), డీజిల్ హైప్రెషర్ పంపు, వాటర్ పంపు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్‌ను తిప్పేది) అన్నీ ఈ ఒక్క బెల్టుతోనే తిరుగుతాయి. అది తెగినా, కొన్ని పళ్లు జారినా పిస్టన్లు వెళ్లి తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి. ఇక ఇంజిన్ పైభాగం, అంటే హెడ్ దించాల్సిందే. బ్రేకుకు వాక్యూమ్ ఇచ్చే పంపు కూడా క్యామ్ షాఫ్టు చివరే ఉంది. ఘాట్ దిగేటప్పుడు బెల్టు తెగితే రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ గట్టిపడిపోతుంది.

బెల్టు ఒక్కటే మార్చడం ఎందుకు తప్పంటే, అది తెగకపోయినా దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ బేరింగ్ పట్టేస్తే ఫలితం అదే. కాబట్టి టెన్షనర్, బెల్టును దారిలో నడిపే ఐడ్లర్ చక్రాలు ఎన్ని ఉంటే అన్నీ కొత్తవే వేయాలి. వాటర్ పంపు ఇంకా బాగానే ఉందని వదిలేస్తే, ఏడాదికో రెండేళ్లకో దాని సీల్ కారి కూలెంట్ కొత్త బెల్టు మీద పడుతుంది. అప్పుడు మళ్లీ ఇంజిన్ మౌంట్ విప్పాలి, కవర్లు తీయాలి, ఇదే కూలీ ఇంకోసారి ఇవ్వాలి. పంపు ధర ఆ కూలీ ముందు పెద్దది కాదు. టయోటా ఇన్నోవా 2.5 లాంటి వాటిలో వాటర్ పంపు బయటి బెల్టుతో తిరుగుతుంది, అక్కడ ఈ వాదన వర్తించదు.

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ బోల్టు తప్పకుండా కొత్తది అడగండి. ఇలాంటి బోల్టును ముందు బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో, తర్వాత ఇన్ని డిగ్రీలని తిప్పి సాగదీసి బిగిస్తారు. ఒకసారి సాగినది రెండోసారి అంత పట్టు ఇవ్వదు. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ పళ్ల చక్రాన్ని నిలిపేది ఆ బోల్టు బిగింపే.

క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్లు తడిగా ఉంటేనే మార్చండి. ఆయిల్ తగిలితే బెల్టు రబ్బరు ఉబ్బి పళ్లు ఊడతాయి. పొడిగా ఉన్న సీల్‌ను కదిలించి సరిగా కూర్చోపెట్టకపోతే లేని లీకు తెచ్చుకున్నట్టే. బయటి ఆల్టర్నేటర్ బెల్టు ఎలాగూ విప్పాలి కాబట్టి కొత్తది వేసేయండి, దాని టెన్షనర్ శబ్దం చేస్తుంటే అదీ మార్చండి. ఆ బయటి బెల్టు చీలి దారాలు లోపలి కవర్లోకి చొరబడి టైమింగ్‌ను చెడగొట్టిన సందర్భాలు ఈ ఇంజిన్ తెలిసిన మెకానిక్‌లకు కొత్త కాదు.

కూలెంట్ ఐదారు లీటర్లు పడుతుంది. పుస్తకంలో చెప్పిన రకమే కొనండి. కాన్సన్‌ట్రేట్ అయితే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. మన బోరు నీళ్లు మాత్రం వద్దు, రేడియేటర్‌లో ఉప్పు పేరుకుంటుంది. నింపాక హీటర్ ఫుల్లులో పెట్టి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ ఆడించి గాలి తీయాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూడండి.

ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంజిన్ ఫ్లష్ ఈ పనిలో భాగం కావు. అంటగడితే వద్దనండి.

పని జరుగుతున్నప్పుడు చూడాల్సినవి: ఇంజిన్ చల్లగా ఉండాలి, క్రాంకును, క్యామ్‌ను లాకింగ్ పిన్నులతో పట్టాలి. వైట్‌నర్ గీతలు పెట్టుకుని పాత బెల్టు లాగేసే పద్ధతికి ఒప్పుకోవద్దు. గీత ఒక్క పన్ను తప్పినా కంటికి ఆనదు. కొత్త బెల్టు పళ్ల సంఖ్యను, వెడల్పును పాతదానితో సరిచూడాలి. దాన్ని మడవకూడదు, మెలిపెట్టకూడదు. బిగించాక పిన్నులు తీసి, స్టార్టర్ వేయకుండా, స్పానర్‌తో ఇంజిన్ తిరిగే దిక్కులోనే క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ దూరుతున్నాయో లేదో, టెన్షనర్ ముల్లు గుర్తుకు ఎదురుగా ఉందో లేదో చూడాలి. మధ్యలో గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయకూడదు.

కిట్ బిల్లుతో కొనండి, నకిలీలు చాలానే ఉన్నాయి. పాత సామాను అడిగి తీసుకోండి. తేదీ, మీటరు రీడింగ్ రాసి బోనెట్ లోపల అంటించండి.

ప్రశ్న: నాది స్విఫ్ట్ డీజిల్, 90 వేలు తిరిగింది. నేనూ టైమింగ్ బెల్టు మార్చాలా? – ఓ పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదు. మీ 1.3 ఇంజిన్‌లో ఉన్నది బెల్టు కాదు, చైను. దానికి ఇన్ని కిలోమీటర్లకని గడువు లేదు. దాని టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది కాబట్టి ఆయిల్ మార్పును సాగదీయొద్దు. పొద్దున స్టార్ట్ చేయగానే చైను వైపు నుంచి గలగలమని శబ్దం వస్తూ కొద్ది సెకన్లలో ఆగకపోతే వెంటనే చూపించండి. విప్పితే చైను, టెన్షనర్, గైడులు కలిపే మార్చాలి.