లక్ష మిగిలిందన్నారు.. ఏ ఖాతాలో ఉంది?

ప్రశ్న: మాది నల్గొండ. వయసు 27. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 24,000. మాఘమాసంలో పెళ్లి, ఇంకా నాలుగు నెలలుంది. డెకరేషన్‌కు 1,40,000 అడిగారు. అంత పెట్టలేక మా చెల్లీ నేనూ కలిసి అన్నీ చేతితోనే చేస్తున్నాం. కాగితపు పూల బ్యాక్‌డ్రాప్, పోచంపల్లి కట్ పీసులతో తోరణాలు, అడ్డుతెర మీద పెయింటింగ్, ఐరేని కుండలకు రంగులు. సామానుకు 38,000 అయింది. అంటే లక్ష మిగిలినట్టే కదా! ఆ లక్షతో ప్రీ వెడ్డింగ్ షూట్ 60,000కు మాట్లాడుకున్నాం, హల్దీకి విడిగా చిన్న హాలు, భోజనాలు 45,000 అనుకున్నాం. అన్నీ కలిపి ఖర్చు 5,60,000 వస్తోంది. నాన్న 3,60,000 సర్దుతున్నారు. మిగతా 2 లక్షలకు నా 1,80,000 ఎఫ్‌డీ తీసేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? సామాను కోసం యాప్‌లో 20,000 తీసుకున్నాను, దాంతో ఇబ్బంది లేదు. పెళ్లయ్యాక ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్తాను. అక్కడ డెకరేషన్ బిజినెస్‌కు లోన్ వస్తుందా?

జవాబు: మీరు పంపిన ఫొటోలు చూశాను. ఐరేని కుండల మీద సున్నం చుక్కల ముగ్గు, అడ్డుతెర అంచుకు కుట్టిన ఇక్కత్ పట్టీ చాలా బాగున్నాయి. డెకరేటర్ తెచ్చే ప్లాస్టిక్ పూల గోడ కంటే ఇవే నయం. ఇక లెక్కల సంగతికి వద్దాం. అవి మాత్రం బాగాలేవు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది కూడా అందుకే. పెళ్లి ఇళ్లలో నూటికి తొంభై మంది చేసే పొరపాటు ఇదే. ఒకచోట మిగిల్చామని ఇంకోచోట ఖర్చు పెట్టేసి, ఆ మిగులును ఇంకా చేతిలో ఉన్నట్టే లెక్కవేసుకుంటారు.

మీకు లక్ష మిగల్లేదు. ముందు ఆ సంగతి తేల్చుకోండి. 1,40,000లో డెకరేటర్ ఫ్రేము, లైట్లు, మనుషులు, వ్యాను, పచ్చి పూలు అన్నీ ఉంటాయి. మీ 38,000లో ఉన్నది కాగితం, గుడ్డ, జిగురు, పూసలు. కాగితపు పూలు గాల్లో నిలబడవు కదా, ఇనప పైపుల ఫ్రేము టెంట్‌హౌస్ నుంచి అద్దెకు తేవాలి, లైట్లు తేవాలి. ఆ రెంటికీ 18,000 వేసుకోండి. మండపంలో కట్టడానికి ఇద్దరు మనుషులు, సామాను చేరవేయడానికి ఆటో ట్రాలీ 9,000. తెల్లవారుజామున మీకు మంగళస్నానం చేయిస్తుంటే నిచ్చెన ఎక్కేదెవరు? మీరూ ఎక్కరు, చీర కట్టుకున్న మీ చెల్లీ ఎక్కదు. దండలు, పూలజడ, ద్వారానికి బంతిపూలు కాగితంతో కుదరవు. ముహూర్తాల రోజుల్లో హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లోనే ధర ఎగిరి కూర్చుంటుంది, నల్గొండకు వచ్చేసరికి చెప్పక్కర్లేదు. వాటికి 22,000. యాప్ వడ్డీ 4,400, దాని సంగతి కింద చెబుతాను. మొత్తం 91,400. అంటే మీకు మిగిలేది 48,600. షూట్‌కు, హల్దీకి పెట్టాలనుకున్నది మాత్రం 1,05,000.

(గ్లూ గన్‌తో అంటించిన పూలను ఫోకస్ లైట్లకు దూరంగా కట్టించండి. ఆ వేడికి జిగురు మెత్తబడి తలంబ్రాల వేళకు పూలు రాలిపోతాయి. కాగితం కాబట్టి నిప్పు భయం కూడా ఉంది.)

ఇప్పుడు ‘ఇబ్బంది లేదు’ అన్న ఆ యాప్. మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో రాసి ఉన్నది చదువుతున్నాను. 20,000 అప్పు, మీ ఖాతాలో పడింది 17,600. రెండు నెలల్లో రెండు వాయిదాలు, ఒక్కోటి 11,000. అంటే 17,600 వాడుకుని 22,000 కడుతున్నారు. నెలకు పదహారు శాతం పైమాటే. మన ఊళ్ల లెక్కలో నూటికి పదహారు రూపాయల మిత్తి! గడియారం సెంటర్‌లో ఎవరైనా మూడు రూపాయల మిత్తి అంటేనే నోరు నొక్కుకుంటాం. ఇక్కడ పదహారు రూపాయలంటే ఫోన్లో ఓకే నొక్కేస్తాం. చదువుకున్నవాళ్లు, అందులోనూ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లు చేయాల్సిన పనేనా ఇది? మొదటి వాయిదా ఎప్పుడో చూసుకుని, వచ్చే జీతంలోంచి ముందు దాన్ని తీర్చేయండి. మీ కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి ఆ యాప్‌కు ఇచ్చి ఉంటే ఇవాళే సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేయండి. ఎవరైనా బెదిరిస్తే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

ఎఫ్‌డీ తీయాలా, లోన్ తీసుకోవాలా అని అడిగారు. రెండూ వద్దు. కారణం మీ ప్రశ్నలోనే, చివర ఒక్క ముక్కలో దాక్కుని ఉంది. ‘ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్తాను’ అన్నారు. పెళ్లి మాఘంలో. పరీక్షలు అయ్యేదాకా పనిచేసినా, ఆ తర్వాత వేసవి. వేసవి సెలవులకు జీతం ఇచ్చే ప్రైవేటు కాలేజీలు ఎన్ని ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగం జూన్‌లో దొరికితే మొదటి జీతం జూలైలో. అంటే కనీసం మూడు నెలలు మీ చేతికి పైసా రాదు.

ఆ మూడు నెలల్లోనే కొత్త కాపురానికి ఇంటి అడ్వాన్సు, గ్యాసు, గిన్నెలు, మంచం కొనాలి. ఒడిబియ్యం, మొదటి పండగలు, రాకపోకలు ఉండనే ఉంటాయి. మధ్యలో ఎవరికి జ్వరం వచ్చినా ఆస్పత్రి బిల్లు. ఇప్పుడు 2 లక్షల పర్సనల్ లోన్ 16 శాతానికి మూడేళ్లకు దొరికిందనుకుందాం. నెలకు 7,031 కట్టాలి. మూడేళ్లలో వడ్డీయే 53,000 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరు. జీతం లేని నెలలో ఆ ఏడు వేలు ఎవరు కడతారు? కొత్త పెళ్లికొడుకు. ‘నీ పెళ్లి షూట్ అప్పు నేను కడుతున్నా’ అనే మాట ఏదో ఒక రోజు వస్తుంది. నోటితో అనకపోయినా ముఖంలో కనిపిస్తుంది. కొత్త జంటకు ఆ టెన్షన్ ఎందుకు?

అందుకే ఆ 1,80,000 పెళ్లి డబ్బు కాదు, మీ ఎమర్జెన్సీ ఫండ్. జీతం ఆగినా ఆరు నెలలు మీరు ఎవరి ముందూ చేయి చాపకుండా ఉండటానికి దాచుకున్న డబ్బు అది. పందిరి వేస్తున్నారు కదా అని ఇంటి దూలం పీకి గుంజగా పాతుకోం. దాన్ని మీ ఒక్కరి పేరు మీదే ఉంచండి, నామినీ పేరు సరిచూసుకోండి. ‘ఒక్క యాభై వేలు తీద్దాం, తర్వాత పెడదాం’ అనే మాట అస్సలు వద్దు. అలా తీసినవాళ్లు తిరిగి పెట్టడం చాలా అరుదు. నేను ఈ ఒక్క సంగతి మీదే మొండిగా ఉంటాను, తిట్టుకున్నా ఫర్వాలేదు.

మరి 2 లక్షల లోటు ఎలా అంటారా? షూట్, విడి హల్దీ 1,05,000 తీసేయండి. హల్దీ మీ ఇంటి వాకిట్లోనే చేసుకోండి. మీరు చేసిన తోరణాలు ముందు అక్కడే కట్టుకోవచ్చు, హాల్లో కంటే అందంగా ఉంటాయి. షూట్‌కు అడ్వాన్సు ఇచ్చి ఉంటే అది పోయినా సరే, మిగతాది ఆపండి. లోటు 95,000కు దిగుతుంది. డెకరేషన్ అసలు ఖర్చులో మీరు వదిలేసిన 53,400 కలిపితే 1,48,400. మీరు పంపిన కాగితంలో పెళ్లి ముందురోజు రాత్రి కాలేజీ స్టాఫ్‌కు, నాన్న పరిచయస్తులకు 300 మందికి విడిగా విందు, ప్లేటు 280 అని ఉంది. వాళ్లంతా మర్నాడు పెళ్లికి వచ్చేవాళ్లే. ఆ 84,000 ఆపితే మిగిలేది 64,400. జీతంలోంచి నెలకు 8,000 పక్కన పెట్టండి, నాలుగు నెలలకు 32,000. ఇంకా 32,400. బ్యాంకులో చిన్న గోల్డ్ లోన్‌తో గడిచిపోతుంది, చేతిలో చిట్టీ ఉంటే అదైనా సరే. రెండూ మీరు ఉద్యోగంలో ఉండగానే తీరిపోవాలి. తీరవనుకుంటే భోజనంలో ఒక స్వీటు, ఒక బిర్యానీ తగ్గించండి. నాన్నను బత్తాయి తోట మీద మిత్తికి తెమ్మని మాత్రం అడగకండి.

కల్యాణలక్ష్మి 1,00,116 వస్తుందని ఎవరైనా ఆశపెడితే, ముందు ఆదాయ పరిమితికి మీరు సరిపోతారో లేదో మీసేవలో కనుక్కోండి. అర్హత ఉన్న చాలామందికి కూడా చెక్కు పెళ్లయిన తర్వాతే చేతికి వస్తుంది. దాన్ని చూపించి ముందుగా అప్పు చేయొద్దు.

పెళ్లయిన వారంలోనే మీ ఆయన కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమాలో మీ పేరు ఎక్కించమనండి. గడువు దాటితే పాలసీ రెన్యువల్ దాకా ఆగాల్సి రావచ్చు. అమ్మానాన్నకు ఆరోగ్యశ్రీ ఉంటే పరిమితి 10 లక్షలు, సంతోషం. లేకపోతే వాళ్లకు సొంత పాలసీ చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

బిజినెస్ లోన్ మాట ఇప్పుడు ఎత్తకండి. ఒక్క పెళ్లి, అదీ సొంత పెళ్లి చేసినంత మాత్రాన బిజినెస్ అవదు. ఎవరైనా ఆర్డర్ ఇస్తే సగం అడ్వాన్సు తీసుకుని ఆ డబ్బుతోనే సామాను కొనండి. బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్టే, మీకు చార్జీ డబ్బులు కూడా అక్కర్లేదు. అడ్వాన్సు ఇవ్వనివాళ్ల పని ఒప్పుకోకండి, చుట్టాలైనా సరే. మీ పెళ్లికి వాడిన ఫ్రేము గుడ్డలు, తోరణాలు జాగ్రత్తగా విప్పి దాచుకోండి, మొదటి ఆర్డర్‌కు అవే అద్దెకు ఇవ్వొచ్చు.