ఇల్లు లేనివాళ్లంతా కలిసి ఉండే ఇళ్లు కట్టిస్తే అది నిలబడుతుందా?

నిలబడుతుంది, కాకపోతే షెల్టర్ లాగా నడిపితే కాదు. షెల్టర్‌లో రాత్రి పడుకుని పొద్దున్నే మూట సర్దుకోవాలి. ఇక్కడ మనిషి చేతిలో తాళంచెవి ఉంటుంది.

వియన్నాలో 2013లో మొదలైన ఉమ్మడి ఇల్లు విన్జిరాస్ట్ మిట్టెన్‌డ్రిన్‌లో ఒకప్పుడు వీధిలో బతికినవాళ్లు, విద్యార్థులు కలిసి ఉంటారు. ఎవరి గది వాళ్లది, వంటిల్లు ఉమ్మడి. కింద బయటివాళ్లు కూడా వచ్చే రెస్టారెంట్. 2009లో విద్యార్థులు యూనివర్సిటీ హాలును ఆక్రమించి నిరసనకు దిగినప్పుడు ఇల్లు లేనివాళ్లూ వచ్చి వాళ్లతో ఉన్నారు. ఆలోచన అక్కడ పుట్టింది, ఏ ఆఫీసులోనో కాదు!

అమెరికాలో ఆస్టిన్ దగ్గరి కమ్యూనిటీ ఫస్ట్ విలేజ్‌ది ఇంకో పద్ధతి. అక్కడి బుల్లి ఇళ్లలో చాలావాటికి నీళ్ల కనెక్షన్ ఉండదు, స్నానానికీ వంటకీ ఉమ్మడి గదులకు రావాల్సిందే. అలా మాటలు కలుస్తాయి. అద్దె కూడా కట్టాలి. డబ్బు లేనివాళ్ల దగ్గర అద్దేమిటి అనిపిస్తుంది గానీ, అద్దె కట్టే మనిషి ఎవరి దయ మీదా ఉన్నట్టు కాదు. నాకైతే ఇది నచ్చింది.

గొడవలు ఎక్కువగా వచ్చేది వంటింట్లోనే. గిన్నెలు ఎవరు కడగలేదు, ఫ్రిజ్‌లో పాలు ఎవరు తాగేశారు... అందుకే ప్రతి ఒక్కరికీ లోపల గడియ పడే గది, తాళం ఉన్న అల్మరా తప్పనిసరి. రూల్స్ కూడా అక్కడ ఉండేవాళ్లే కూర్చుని రాసుకోవాలి. "ముందు తాగుడు మాను, తర్వాత గది ఇస్తాం" అనే షరతు వద్దు. 1992లో న్యూయార్క్‌లో మొదలైన హౌసింగ్ ఫస్ట్ పద్ధతి దీన్ని తిరగేసింది: ముందు ఇల్లు, వైద్యం ఆ తర్వాత. కొందరికి ఉమ్మడి బతుకు అస్సలు పడదు, వాళ్లకు విడి ఇల్లే చూడాలి.