గోపాలపూర్ రేవులో బర్మా ఓడల కాలం: మా వాడ మనుషుల బతుకు

బర్మా ఓడలు వచ్చిపోయే రోజుల్లో ఇప్పటి ఒడిశాలో, గంజాం తీరాన ఉన్న గోపాలపూర్ రేవు పల్లెలో సామాన్య జనం ఎలా బతికేవారు, ఓడలు మానేశాక వాళ్ళు ఏమయ్యారు అని మీరు అడిగారు. నేను ఆ పల్లెలోనే, తెలుగు మాట్లాడే పల్లెకారుల, అంటే చేపల వేట మీద బతికేవాళ్ళ వాడలో పుట్టి పెరిగాను. మా తాత ఓడల కాలంలో పడవకు తండేలుగా, అంటే పడవ నడిపించే పెద్దగా పనిచేశాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఓడలు లేవు గాని ఆ పడవలు, ఆ తెడ్లు, వాటిని నడిపిన మనుషులు ఇంకా ఉన్నారు. అందుచేత ఇక్కడ రాసేదానిలో కొంత కళ్ళారా చూసినది, కొంత తాత నోట, ఆయన ఈడువాళ్ళ నోట విన్నది.

మొదట తెలుసుకోవలసినది ఏమిటంటే, గోపాలపూర్‌లో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. అక్కడ కెరటాల నుంచి కాపాడే కొండ గాని, ఓడలు దూరగలిగే మొగ (నీరు సముద్రంలో కలిసే నోరు) గాని లేదు. ఎదురుగా ఉన్నది ఏ అడ్డూ లేని సముద్రం, ఏడాది పొడుగునా విరిగే కెరటాలు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారి ఆవిరి ఓడలు దూరంగా లోతు నీళ్ళలో లంగరు వేసి నిలబడితే, ప్రతి మనిషీ, ప్రతి బస్తా మా వాళ్ళ పడవల మీదే అటూ ఇటూ చేరవలసి వచ్చేది. బరంపురం నుంచి పది మైళ్ళ బాట వెంట ఎడ్లబళ్ళు ధాన్యం, అపరాలు, పసుపు, కరక్కాయలు, తోళ్ళు, కొబ్బరి పీచు, ఎండు చేపలు మోసుకొచ్చి గిడ్డంగుల ముందు దించేవి. అక్కడినుంచి ఓడ దాకా బరువంతా మా వాడ మగవాళ్ళ భుజాల మీదే ఉండేది. గోపాలపూర్ గురించి రాసేవాళ్ళు దొరల బంగళాలను, వాళ్ళ హోటలును వర్ణించి ఊరుకుంటారు. ఆ దొరలు కూడా మా పడవ ఎక్కకుండా ఓడ చేరలేదన్న సంగతి ఎవరూ రాయకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

ఆ పడవను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దొరలు దానిని మసూలా అనేవారు. దానిలో ఒక్క ఇనుప మేకు కూడా ఉండదు. పలకల అంచుల వెంట చిల్లులు పొడిచి, అతుకు మీద ఎండుగడ్డి పరచి, దాని మీదుగా కొబ్బరి తాడుతో పలకకు పలకను కుట్టేవారు. చిన్నప్పుడు నేను పడవ లోపల కూర్చుని, బయటినుంచి వచ్చిన తాడు కొసను అందుకుని, మళ్ళీ పక్క చిల్లులోంచి బయటికి తోసేవాణ్ణి. బయట మా పెదనాన్న కాలు పలకకు తన్నిపెట్టి, తాడును ఒక కర్రముక్కకు చుట్టి, వెనక్కి వాలి గుంజేవాడు. పలక కిర్రుమంటే బిగింపు సరిపోయినట్టు. ఆ తరువాత చిల్లుల్లో పీచు దట్టించేవారు. మేకులు కొట్టిన పడవను కెరటం ఎత్తి ఇసుక మీద వేస్తే బద్దలైపోతుంది గాని, కుట్టిన పడవ కొంచెం వంగి, ఆ దెబ్బ తట్టుకుని, మళ్ళీ నిలబడుతుంది. అతుకుల్లోంచి నీరు మాత్రం ఊరుతూనే ఉండేది. ఆ నీళ్ళు తోడిపోయడానికి ప్రతి పడవలో ఒక కుర్రవాణ్ణి ఎక్కించుకునేవారు, మా తాత సముద్రపు పని మొదలుపెట్టింది కూడా అలాగే.

కెరటాలు దాటడంలోనే తండేలు పనితనమంతా ఉంటుంది. అతను పడవ వెనకభాగాన నిలబడి, పొడవాటి తెడ్డును చుక్కానిగా పట్టుకుని, పెద్ద కెరటాల వరస విరిగిపోయేదాకా పడవను నిలబెట్టి ఉంచుతాడు. సందు కనబడగానే కేక వేస్తాడు. ఆ కేకతో తెడ్లు వేసేవాళ్ళందరూ హైలెస్సా అంటూ ఒక్క ఊపున లాగాలి. ఒకరు తడబడినా పడవ అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన పడవను తరువాతి కెరటం బోర్లా వేస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర మగవాళ్ళు నడుంలోతు నీళ్ళలోకి దూకి, జనాన్ని భుజాల మీద ఎక్కించుకుని పొడి ఇసుక మీద దింపేవారు. సముద్రం మొహం ఎరగని మెట్ట ఊళ్ళ ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని తన మెడను ఎంత గట్టిగా పట్టుకునేవారో తాత చెబుతుండేవాడు.

ఓడ రోజూ వచ్చేది కాదు. మిగతా రోజుల్లో ఆ మనుషులే తెప్పలు కట్టుకుని వేటకు పోయేవారు. తెల్లవారకముందే తరవాణి అన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఎండు నెత్తళ్ళు తిని బయలుదేరితే, ఎండ ముదిరేవేళకు తిరిగివచ్చేవారు. మధ్యాహ్నమంతా వలలు ఆరబెట్టడం, తెగిన వల కళ్ళు అల్లుకోవడం, తాళ్ళు పేనుకోవడం. కవళ్ళు, కానాగంతలు అనే చేపలు గుంపుగా ఒడ్డుకు వచ్చినప్పుడు పెద్దవల వేసేవారు. దాని రెండు తాళ్ళనూ రెండు వరసల్లో నిలబడి వాడంతా లాగేది. ముసలివాళ్ళు కూడా తాడు మీద చెయ్యి వేసేవారు, ఎందుకంటే చెయ్యి వేసినవాడికి పాలు, అంటే వాటా ఉంటుంది. వలకు, పడవకు, మనిషికి వేరువేరుగా పాళ్ళు తీసి పంచేవారు.

చేప ఒడ్డుకు చేరిన తరువాత అది ఆడవాళ్ళ సొత్తు. వేలంపాట పెట్టడం, బేరమాడడం, పచ్చిది గంపలకెత్తుకుని లోపలి ఊళ్ళకు నడిచి అమ్మడం, మిగిలినది ఉప్పుబెట్టి ఎండబెట్టడం అన్నీ వాళ్ళవే. రైతుల ఇళ్ళలో డబ్బులకు బదులు ధాన్యమో చోళ్ళో (రాగులో) కొలిపించుకుని వచ్చేవారు. ఉప్పు మీద సర్కారు పన్ను ఉన్న ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ తీరం వెంట, చేపలకు పట్టించడానికి పన్ను లేని ఉప్పు ఇచ్చే సర్కారు కళ్ళాలు (చేపలు ఎండబెట్టే ఆవరణలు) ఉండేవి. ఇంటికి చిటికెడు ఉప్పు తెచ్చుకున్నా నేరమే కాబట్టి, అక్కడ పనిచేసే ఆడవాళ్ళను కొంగు దులిపించి పంపేవారని మా నాయనమ్మ కోపంగా చెప్పేది. లెక్క విషయంలో ఆమెను మోసగించిన వ్యాపారిని నేను చూడలేదు. ఇంటి డబ్బు ఆమె దగ్గరే ఉండేది, తాతకు పొగాకు కావాలన్నా ఆమెనే అడిగేవాడు.

ఇక రంగం సంగతి. బర్మాలోని రంగూన్ పట్నాన్ని మా వాళ్ళు రంగం అనేవారు. కార్తీకం వచ్చేసరికి మేస్త్రీలు ఊళ్ళమీద పడి, కుటుంబానికి ముందు డబ్బు ఇచ్చి, కుర్రవాళ్ళను కూలికి కుదుర్చుకునేవారు. బర్మాలో వరికోతలకు, ఆపైన రంగంలోని ధాన్యపు మిల్లులకు, రేవు పనులకు మనుషులు కావాలి. గంజాం, శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి మూటలు నెత్తినపెట్టుకుని వచ్చిన వాళ్ళు ఓడ కోసం ఇసుక మీదే వంట చేసుకుని పడుకునేవారు. పడవ కదిలే వేళకు ఒడ్డున ఏడుపులు మొదలయ్యేవి. వానలు పడకముందే చాలామంది తిరిగి వచ్చేవారు. కొందరు రేకు పెట్టెలతో, రంగం లుంగీలతో దిగితే, కొందరు మేస్త్రీ బాకీ కూడా తీరకుండా దిగేవారు. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలకు, బర్మావారికి మధ్య చెలరేగిన ఘోరమైన గొడవల్లో మనవాళ్ళు ఎంతోమంది చనిపోయారు. ఆ తరువాత వచ్చిన ఓడల నుంచి దిగినవాళ్ళు మాటా పలుకూ లేకుండా నడిచిపోయారని తాత చెప్పాడు.

ఆ కాలాన్ని బంగారుకాలం అనేవారితో నేను ఏకీభవించలేను. ఓడ వచ్చిన రోజు కూలి చేతికి వచ్చేది నిజమే గాని, ఆషాఢం నుంచి సముద్రం పొంగి ఉండే నెలల్లో పూట గడవక సావుకారు దగ్గర చెయ్యి చాపవలసి వచ్చేది. ఆ బాకీ మరుసటి ఏడాది చేప ధరలోంచి కోసుకునేవాడు, ధర నిర్ణయించేది కూడా అతనే. కెరటాల్లో పోయిన పడవవాడి ఇంటికి నష్టపరిహారమన్నమాట లేదు. వాడవాళ్ళే తలా ఒక పాలు తీసి ఆ విధవరాలికి ఇచ్చేవారు, పిల్లవాడు తెడ్డు పట్టేదాకా అలా ఇస్తూనే ఉండేవారు. మా వాళ్ళను గురించి నేను గర్వపడేది దీనికే.

ఓడలు మానేశాక ఏమయ్యారన్న మీ రెండో ప్రశ్నకు వస్తాను. 1890లలో బరంపురం మీదుగా రైలు పడినప్పుడే సరుకు రేవును వదిలి పట్టాల వైపు మళ్ళడం మొదలైంది, ఆపైన ఓడలను నిలబెట్టింది ఎక్కువగా రంగం పోయే జనమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మేము మద్రాసు నుంచి విడిపోయాము. మా వాడకు దానివల్ల తెలిసిన తేడా బడిలో చదువు ఒడియాలోకి మారడమే; పెళ్ళి సంబంధాలు సరిహద్దు అవతల ఉన్న ఇచ్ఛాపురం, కవిటి, బారువ వైపు ఎప్పటిలాగే సాగాయి. అసలు దెబ్బ యుద్ధం కొట్టింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. అక్కడున్న మనవాళ్ళు బర్మా పడమటి తీరాన ఉన్న అరకాను మీదుగా, అస్సాం అడవుల గుండా కాలినడకన బయలుదేరారు, దారిలోనే పోయినవారు లెక్కలేనంతమంది. గోపాలపూర్ రేవుకు ఆ రాకపోకలు మళ్ళీ రాలేదు. గిడ్డంగుల గోడలు ఉప్పుగాలికి రాలిపోతుంటే మేము వాటి మధ్య ఆడుకున్నాము.

పడవలు మాత్రం ఊరికే పడి ఉండలేదు. సరుకు మోసిన పడవలే పెద్దవల మోశాయి, తండేళ్ళు వేటగాళ్ళుగానే మిగిలారు. కొందరు సముద్రస్నానానికి వచ్చే యాత్రికుల చెయ్యి పట్టుకుని కెరటాల్లో దింపే పనికి కుదిరారు. తరువాత నైలాను వలలు, ఆపైన ఇంజను బిగించిన ఫైబరు తెప్పలు వచ్చాక పడవలు కుట్టే పని క్రమంగా ఆగిపోయింది. ఊరికి ఉత్తరాన 1987లో కొత్త రేవు మొదలైనప్పుడు పెద్దవాళ్ళు ఎంతో ఆశపడ్డారు గాని, క్రేన్లతో నడిచే రేవులో తెడ్డు వేసేవాడికి చోటు తక్కువ. మా దాయాదుల్లో కొన్ని కుటుంబాలు పారాదీప్‌కు, కొన్ని విశాఖపట్నం చేపల రేవుకు తరలిపోయాయి. మిగిలిన వాళ్ళు ఇప్పటికీ అదే ఒడ్డున వేట సాగిస్తున్నారు, వాళ్ళ పిల్లలు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు.