రంపం పట్టుకునే ముందు ఇది చదువు చిన్నోడా

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు హెచ్‌ఓ సైజు (అసలు దాంట్లో 87వ వంతు) మోడల్ రైలు ఎఫ్40పీహెచ్ ఇంజిన్ని కోసి ఎన్‌పీసీయూ, అంటే మోటార్ లేకుండా డ్రైవర్ క్యాబ్ మాత్రం ఉండే బండి, చేస్తావంట కదా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. మిల్వాకీ స్టేషన్లో నీకు హయావాతా రైలు చూపించింది నేనే, ముందున్న ఇంజిన్ ఉత్త డబ్బా, వెనకాల పీ42 డీజిల్ ఇంజిన్ తోస్తోంది అంటే మోసం అని ఎంత గొడవ చేశావో. అమెరికాలో ప్రయాణికుల రైళ్ళు నడిపే ఆమ్‌ట్రాక్ వాళ్ళు పాత ఎఫ్40ల్లో డీజిల్ ఇంజిన్, మోటార్లు పీకేసి, లగేజీకి జాగా, పక్కన షట్టర్ తలుపు పెట్టి క్యాబ్ మాత్రం ఉంచేశారు, తిరుగు ప్రయాణానికి చికాగోలో ఇంజిన్ తిప్పే పని లేకుండా.

పెయింట్, డెకాల్స్ (అతికించే గుర్తులు) నీకు చెప్పక్కర్లేదు. పాత నంబర్ ముందు 90 రావాలి, 250 అయితే 90250, అది కాస్కేడ్స్ రైల్లో తిరిగిన బండి. షట్టర్ కొలతలు ఫోటో పెట్టుకునే తీసుకో.

అసలు సంగతి బరువు. మీ నాన్న మా బేస్‌మెంట్లో ఇదే చేశాడు, మోటార్‌తో పాటు లోపలి ఇనప దిమ్మ కూడా తీసేశాడు, తేలిగ్గా ఉంటే ఇంజిన్‌కి సుఖం అని. లాగినప్పుడు బానే పోయింది. తోసినప్పుడు మాత్రం వంపులో టర్నౌట్ (పట్టాలు చీలే చోటు) దగ్గర వెనక కోచ్‌లన్నీ కప్లర్‌ని (బండ్లని కలిపే కొక్కేన్ని) పక్కకి నెట్టి, ముందు చక్రం పట్టా ఎక్కి, డబ్బా టేబుల్ మీంచి సిమెంటు నేల మీద పడి ముక్కు పగిలింది. వాడు ఒప్పుకుంటాడా? ట్రాకే బాలేదని పట్టాలన్నీ పీకి మళ్ళీ వేశాడు, మళ్ళీ అక్కడే పడింది. చివరికి నేను మీ పెద్దమ్మ కిచెన్ స్కేల్ మీద పెడితే ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు! ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికాలో మోడల్ రైళ్ళ వాళ్ళ సంఘం) లెక్కలో ముందు ఒక ఔన్సు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు, అంటే నీ డబ్బాకి దాదాపు 140 గ్రాములు. కారు చక్రాలకి అతికించే స్టిక్కర్ బరువులు కొను, కిందకి, ముందు ట్రక్ (చక్రాల చట్రం) దగ్గర అతికించు, పైన పెడితే ఊగుతుంది.

ఇంకోటి, మోటార్ తీసి వర్మ్ గేర్ (మోటార్ నుంచి చక్రాల్ని తిప్పే మరలాంటి గేరు) వదిలెయ్యకు, అది ఉంటే చక్రాలు తిరగవు, ఈడ్చుకుంటూ పోతాయి. కరెంటు తీసుకునే వైర్లు మాత్రం ఉంచు, లైట్లు నడిపే చిన్న చిప్, ఫంక్షన్ డీకోడర్‌కి కావాలి, ముందుంటే హెడ్‌లైట్, వెనకుంటే ఎర్ర లైట్లు. టేబుల్ అంచుకి అక్రిలిక్ షీట్ కొట్టు, ఇది ఈరోజే చెయ్యి, నవ్వకు.

రేజర్ సా (సన్న పళ్ళ చిన్న రంపం) అంటే నాకు చచ్చే భయం రా. మొద్దు బ్లేడే జారి వేలు తెగేది, పిసినారితనం చెయ్యక మార్చేస్తూ ఉండు, రాత్రి నిద్రమత్తులో కొయ్యకు. వీడియో కాల్ చెయ్యి, కోసేటప్పుడు కాదు, నేను చూడలేను. కోశాక చెయ్యి.

పెదనాన్న