ప్రజాస్వామ్యం, స్వేచ్ఛ, పారదర్శకత: విగ్రహవాక్యమే నిర్వచనమా?

సందేహం: హైదరాబాదులో, చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుని గ్రూప్-2 పరీక్షకు తెలుగు మాధ్యమంలో చదువుకుంటున్నాను. ఒక పుస్తకంలో ‘స్వేచ్ఛ అంటే స్వాతంత్ర్యం’ అనీ, మరొకదానిలో ‘స్వాతంత్ర్యం అంటే స్వేచ్ఛ’ అనీ ఉంది. ‘పారదర్శకత అంటే పాలన పారదర్శకంగా ఉండడం’ అని ఇంకొకచోట చదివాను. ప్రజాస్వామ్యానికైతే ‘ప్రజలే స్వాములు కావడం’ అని అన్నిచోట్లా ఒకటే మాట. వీటిని నిర్వచనాలు అనవచ్చునా? ‘స్వాతంత్య్రం’ అని రాస్తే తప్పా?

సమాధానం: అనకూడదు. మీకు కలిగిన అనుమానం సరైనదే. మన తర్కశాస్త్రం ఇటువంటి లోపాలకు ఎప్పుడో పేర్లు పెట్టింది. ఒక మాటను అదే మాటతో వివరించడం ఆత్మాశ్రయ దోషం; మీరు చెప్పిన పారదర్శకత అటువంటిది. రెండు మాటలు ఒకదానిపై ఒకటి ఆనుకొని నిలబడితే అది అన్యోన్యాశ్రయం. స్వేచ్ఛా స్వాతంత్ర్యాల సంగతి అది. ఇక లక్షణం చెప్పడంలో వచ్చే దోషాలు మూడు. ఆవుకు లక్షణం చెప్పమంటే ‘కపిలవర్ణం కలది’ అంటే తెల్లావు బయట ఉండిపోతుంది, అది అవ్యాప్తి. ‘కొమ్ములు కలది’ అంటే గేదె కూడా లోపలికి వస్తుంది, అది అతివ్యాప్తి. ‘ఒంటి గిట్ట కలది’ అంటే ఏ ఆవుకూ పొసగదు, అది అసంభవం. ‘గంగడోలు (మెడ కింద వేలాడే తోలు) కలది’ అన్నప్పుడే లక్షణం కుదురుతుంది. రాజనీతి పదాలకూ ఈ గీటురాయినే వాడవచ్చు.

‘ప్రజలే స్వాములు కావడం’ అనేది విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి చెప్పే మాట మాత్రమే. స్వామి శబ్దానికి భావార్థక ప్రత్యయం చేరి ‘స్వామ్యం’ అయింది. (‘ప్రజాసామ్యం’ అని రాసేవారు ఉన్నారు, సామ్యం అంటే పోలిక, సమత్వం కనుక అది వేరే మాట అవుతుంది.) ఈ సమాసంలో నాకెప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి ఉంది. సంస్కృతంలో ‘ప్రజ’ అంటే మొదట సంతానం, తరువాత రాజు పాలనలో ఉండే జనం. రాజు తండ్రి, జనం బిడ్డలు అన్న భావన ఆ మాటలోనే ఉంది. అటువంటి ‘ప్రజ’ పక్కన ‘స్వామ్యం’ చేర్చినప్పుడు, ఏలుబడిలో ఉన్నవారే ఏలికలయ్యారన్న మార్పు ఆ ఒక్క మాటలో ఇమిడింది. అయినా వ్యుత్పత్తి అర్థానికి దారి చూపుతుందే కాని హద్దులు గీయదు. ఇందుకు చక్కని సాక్ష్యం మన పొరుగు భాషల్లోనే ఉంది. హిందీలో ‘ప్రజాతంత్ర’ అంటే ప్రజాస్వామ్యం, ‘గణతంత్ర’ అంటే ఎన్నికైన దేశాధినేత గల రాజ్యం. బెంగాలీలో సరిగ్గా తారుమారు: ‘గణతంత్ర’ అంటే ప్రజాస్వామ్యం, ‘ప్రజాతంత్ర’ అంటే గణరాజ్యం. ప్రకృతి ప్రత్యయాలు అవే, అర్థాలు మాత్రం అటూ ఇటూ అయ్యాయి. బురదలో పుట్టినవన్నీ పంకజాలు కానట్టే ఇవి కూడా యోగరూఢాలు, అంటే వ్యుత్పత్తి ఉన్నా వాడుక వల్ల ఒక అర్థానికే స్థిరపడిన మాటలు.

మరి నిర్వచనం ఎలా ఉండాలి? ‘ఎన్నికలు జరిగే పాలన’ అంటే, ఒకే పార్టీ నిలబడి ఒకే పార్టీ గెలిచే దేశాలు కూడా లోపలికి వస్తాయి, కనుక అతివ్యాప్తి. ‘రాజు లేని పాలన’ అంటే బ్రిటన్ బయట ఉండిపోతుంది, సైనిక నియంతలు లోపలికి వస్తారు. ‘ఎన్నికైన ప్రతినిధుల పాలన’ అన్నా చాలదు. ప్రాచీన ఏథెన్సులో పౌరులే సభ కూడి నిర్ణయాలు చేసేవారు, మన రాజ్యాంగంలోని గ్రామసభ కూడా గ్రామ ఓటర్లందరి సభే. కాబట్టి నేనైతే ఇలా అంటాను: ‘పాలనాధికారానికి ప్రజలే మూలమై, దానిని వారు స్వయంగా గాని, స్వేచ్ఛగా ఎన్నుకున్న ప్రతినిధుల ద్వారా గాని నిర్వహిస్తూ, ఆ ప్రతినిధులను హింస లేకుండా మార్చగల శక్తిని తమ చేతిలోనే నిలుపుకునే పద్ధతి.’ ఇందులో గంగడోలు వంటిది చివరి మాట. పాలకులను ఎన్నుకున్న తరువాత దింపలేకపోతే స్వామ్యం పేరుకే మిగులుతుంది.

స్వేచ్ఛ, స్వాతంత్ర్యం పర్యాయపదాలన్న అభిప్రాయం బలంగా నాటుకుపోయింది గాని, వాటి మధ్య భేదం ఉంది. స్వ, ఇచ్ఛ కలిసి స్వేచ్ఛ. అంటే తన కోరిక. స్వాతంత్ర్యంలో ఉన్నది తంత్రం, అంటే నడిపే తీరు, అదుపు. తన నడక తన చేతిలో ఉండడం స్వాతంత్ర్యం, ఇతరుల చేతిలో ఉండడం పారతంత్ర్యం. పాణిని ‘స్వతంత్రః కర్తా’ అని సూత్రం చేశాడు: క్రియలో ఎవరు ప్రధానంగా, ఇతరాలకు లోబడకుండా వ్యవహరిస్తారో వారు కర్త. వ్యాకరణంలోని ఈ మాటే రాజనీతికీ చక్కగా సరిపోతుంది. ప్రయోగాలు చూడండి. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందంటామే గాని స్వేచ్ఛ వచ్చిందని అలవాటుగా అనము; ఆగస్టు 15 స్వాతంత్ర్య దినోత్సవమే. అమ్మాయికి చదువు ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వమంటాము. న్యాయమూర్తికి ప్రభుత్వం నుంచి స్వాతంత్ర్యం తప్పక ఉండాలి. అంతమాత్రాన తన ఇచ్ఛ ప్రకారం తీర్పు చెప్పే స్వేచ్ఛ ఆయనకు లేదు, చట్టానికి కట్టుబడాలి. ఈ వాక్యాల్లో రెండు మాటలనూ మార్చి పెట్టి చూస్తే భేదం వెంటనే తెలుస్తుంది.

‘ఇచ్చ వచ్చినట్టు’ అన్న పలుకుబడిలోని నింద నీడ స్వేచ్ఛపైన కూడా పడుతుందన్న భయంతో కొందరు రచయితలు వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వాతంత్ర్యం అనే రాస్తారు. ఆ జాగ్రత్త గౌరవించదగినదే. కాని ఫ్రెంచి విప్లవ నినాదాన్ని ‘స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం’ అనే తెలుగువారు తరతరాలుగా చదువుకున్నారు, భావప్రకటనా స్వేచ్ఛ వాడుకలో స్థిరపడింది. ఇప్పుడు వెనక్కు తిప్పనవసరం లేదు. అదే విప్లవకాలంలో, 1789లో వెలువడిన మానవ హక్కుల ప్రకటన నాలుగో అధికరణం ఇతరులకు హాని చేయనిదేదైనా చేయగలగడమే స్వేచ్ఛ అని చెప్పింది. ఇచ్ఛ ఎంతదూరం వెళ్లవచ్చునో హద్దు చెప్పింది కనుక మీ జవాబుకు అది ఆధారంగా పనికివస్తుంది.

పారదర్శకత భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. పారం అంటే అవతలి ఒడ్డు. అవతలిది కనబడనిచ్చే గాజు వంటి వస్తువు పారదర్శకం అని బడిలో చదువుకున్నాము. పాలనకు అన్వయించినప్పుడు: ‘నిర్ణయాలు, వాటి కారణాలు, వాటిపై పెట్టిన ఖర్చు పౌరులు తెలుసుకోగలిగేలా, అడిగినా అడగకపోయినా బహిరంగంగా ఉంచడం.’ ‘అడగకపోయినా’ అన్నది ముఖ్యం. 2005 నాటి సమాచార హక్కు చట్టం దరఖాస్తుకు సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలని చెప్పి ఊరుకోలేదు. కార్యాలయాలు తమంతట తామే ఏయే వివరాలు ప్రకటించాలో నాలుగో సెక్షన్‌లో విధించింది. దీనికి తోడుగా వినబడే జవాబుదారీతనం వేరు. అరబ్బీ జవాబు, ఫారసీ దారు, ఆపైన ఫారసీ ఈకారం, చివర మన ‘తనం’ కలిసిన మాట అది. మన హైదరాబాదు వీధుల్లో వినిపించే ‘జిమ్మేదారి’కి చుట్టం. లెక్క గోడమీద అంటించడం పారదర్శకత. ఆ లెక్క తప్పైతే ఎవరు సంజాయిషీ చెప్పాలో తేలి ఉండడం జవాబుదారీతనం.

ఇక వర్ణక్రమం. స్వతంత్ర శబ్దం చివర ఉన్నది ‘త్ర’. దానికి భావార్థంలో ‘య’ చేరుతుంది కనుక వరుస త, ర, య. స్వాతంత్ర్యం అన్నదే సాధురూపం. దరిద్ర నుంచి దారిద్ర్యం, విచిత్ర నుంచి వైచిత్ర్యం ఇలాగే వచ్చాయి. ‘స్వతంత్య’ అనే మాటే లేనప్పుడు యకారం తరువాత రేఫ రావడానికి తావు లేదు. చేతిరాతలో క్రారవడి (రవత్తు), యవత్తు ఒకే అక్షరం కింద ఇరుకుగా చేరడం వల్ల ఏది ముందో పోల్చుకోవడం కష్టమవుతుంది. అచ్చులోనూ ‘త్య్ర’ తరచు కనిపించడానికి అది ఒక కారణం కావచ్చు. కంప్యూటరులో కొట్టేటప్పుడు తకారపొల్లు, రకారపొల్లు, ఆ తరువాత యకారం కొట్టండి.