షుగర్ ఉన్న పాప కోసం స్కూలుకి బాండ్ పేపర్ రాసివ్వాలా?

ప్రశ్న: మాది కడప. ఉద్యోగం వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా పాపకి పదకొండేళ్లు, ఒక ప్రైవేటు సీబీఎస్ఈ స్కూల్లో ఆరో తరగతి. కిందటేడు టైప్ 1 డయాబెటిస్ అని తేలింది. మధ్యాహ్నం అన్నానికి ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. క్లాసులో సూది బయటికి తీయొద్దన్నారు, షుగర్ చూసుకునే మెషిన్ ఆఫీసులో పెట్టించారు. మొన్న యూనిట్ టెస్టులో కళ్లు తిరుగుతున్నాయని బిస్కెట్ తీస్తే టీచర్ లాక్కున్నారట. ఇప్పుడు ‘ఏం జరిగినా స్కూలుకి బాధ్యత లేదు’ అని బాండ్ పేపర్ మీద సంతకం పెట్టమంటున్నారు. లేదంటే వేరే స్కూలు చూసుకోమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ బాండ్ పేపర్ మీద సంతకం పెట్టకండి. స్కూలు వేళల్లో పిల్లల బాగోగులు చూడాల్సింది స్కూలే. వాళ్ల నిర్లక్ష్యం వల్ల పాపకి హాని జరిగితే, మీరు రాసిచ్చిన కాగితం చూపించి కోర్టులో తప్పించుకోవడం అంత తేలిక కాదు. అయినా పెట్టొద్దని ఎందుకంటున్నానంటే, ఆ కాగితం బీరువాలోకి చేరిందంటే స్కూల్లో అందరికీ ‘ఇక మనకెందుకులే’ అనే ధీమా వచ్చేస్తుంది.

దాని బదులు మీరే ఒక కాగితం ఇవ్వండి. పాపని చూస్తున్న డాక్టరు గారి చేత లెటర్‌హెడ్ మీద రాయించండి: ఇన్సులిన్ ఎన్నింటికి, ఎంత, తనే వేసుకుంటుందా పెద్దవాళ్లు పక్కన ఉండాలా; షుగర్ 70 కంటే తగ్గితే ఎంత గ్లూకోజ్ ఇవ్వాలి, ఎన్ని నిమిషాలకి మళ్లీ చూడాలి; స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి, మీకు ఫోన్ చేయాలి. దాని కింద ‘ఈ ప్రకారం సాయం చేయడానికి మా సమ్మతి ఉంది’ అని తల్లిదండ్రులిద్దరూ సంతకం చేయండి.

ఈ సమ్మతికి చట్టంలో విలువుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకి, తల్లిదండ్రుల సమ్మతితో, వాళ్ల మేలు కోరి సదుద్దేశంతో చేసిన పనిలో అనుకోకుండా హాని జరిగినా అది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ చెబుతుంది. సమ్మతి అడిగే వ్యవధి కూడా లేని అత్యవసరానికి 30వ సెక్షన్ ఉంది, దానికి వయసుతో పని లేదు. ప్రిన్సిపాల్‌ని కలిసినప్పుడు ఈ రెండూ చెప్పండి. నేను చూసినంతవరకు చాలామంది టీచర్లది మొండితనం కాదు, ‘రేపు పోలీసు కేసు అయితే?’ అనే టెన్షన్.

ఇక బిస్కెట్ సంగతి. పదో తరగతి, పన్నెండో తరగతి బోర్డు పరీక్షల్లోనే ఈ పిల్లలు గ్లూకోజ్ బిళ్లలు, పండ్లు, శాండ్‌విచ్, అర లీటరు నీళ్ల సీసా తెచ్చుకోవచ్చని సీబీఎస్ఈ 2017లోనే సర్క్యులర్ ఇచ్చింది. బోర్డు పరీక్షలో ఒప్పుకున్నది ఆరో తరగతి యూనిట్ టెస్టులో ఎలా తప్పవుతుంది? 2023లో జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ కూడా రాష్ట్రాలకి లేఖ రాసింది: డాక్టరు చెప్పిన మేరకు పిల్లలు క్లాసులోనే షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో ఏదైనా తినడానికి టీచర్లు ఒప్పుకోవాలని. ఇది సిఫారసే, చట్టం కాదు. అయినా మీరు స్కూలుకి రాసిచ్చే అర్జీకి జతచేస్తే బరువుంటుంది.

‘వికలాంగ సర్టిఫికెట్ తెస్తే చూద్దాం’ అంటారేమో. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పట్టికలోని 21 వైకల్యాల్లో తలసేమియా, హీమోఫీలియా ఉన్నాయి గానీ టైప్ 1 డయాబెటిస్ లేదు. ఆ సర్టిఫికెట్ కోసం ఆస్పత్రుల చుట్టూ తిరగకండి. దీర్ఘకాలిక ఇబ్బంది ఉన్నవాళ్లకి తగిన వెసులుబాటు ఇవ్వడానికి 40 శాతం వైకల్యం ఉందనే సర్టిఫికెట్ తప్పనిసరి కాదని వికాస్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అది చేతి రాతకు సంబంధించిన కేసు, మీకు నేరుగా వర్తిస్తుందనను. వాదించడానికి మాత్రం పనికొస్తుంది.

వేరే స్కూలు చూసుకోమన్న మాట నోటిమాటగానే ఉంటుంది, రాసివ్వరు. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. (మైనారిటీ సంస్థ నడిపే స్కూలైతే ఈ చట్టం వర్తించదు, అది ముందే కనుక్కోండి.) అందుకే కొందరు తల్లిదండ్రుల చేతే ‘సొంత కారణాల వల్ల’ అని టీసీకి దరఖాస్తు రాయించుకుంటారు. ఆ ఒక్క కాగితం ఇస్తే కేసు మీ చేతుల్లోంచి జారిపోతుంది.

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్కూలు సీలు, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే ఈమెయిల్ పెట్టి, అదే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. యూనిట్ టెస్టు రోజు ఏం జరిగిందో తేదీతో సహా అందులో ఉండాలి. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసులో, బెంగళూరులోనే ఉన్న కర్ణాటక రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. కమిషన్‌కి లాయరు అక్కర్లేదు. సివిల్ కోర్టులా స్కూలు వాళ్లని పిలిపించి విచారించే అధికారం దానికుంది, కానీ చివరికి ఇచ్చేది సిఫారసే. చాలా స్కూళ్లు సమన్లు అందగానే దారికొస్తాయి. లీగల్ నోటీసు అప్పటిదాకా వద్దు. పాప రోజూ వెళ్లి కూర్చోవాల్సింది ఆ క్లాసులోనే కదా.